"పాప ఒంట్లోనే పవర్ లేదట": జీన్ రిపోర్టు చూసి బరువులు మాన్పించాలా?

విజయనగరం జిల్లా నెల్లిమర్ల వైపు నుంచి ఒక తల్లి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరూ ఊరూ వేయొద్దన్నారు. సంగతి క్లుప్తంగా ఇది.

ఆమె కూతురికి 14 ఏళ్లు, తొమ్మిదో తరగతి. పదకొండో ఏట నుంచి ఊళ్లోని వ్యాయామశాలలో వెయిట్‌లిఫ్టింగ్ చేస్తోంది. మొదట్లో రెండు మూడు నెలలకోసారి ఎత్తే బరువు పెరిగేది. ఎనిమిది నెలలుగా కదలడం లేదు. స్నాచ్ (నేల మీది బార్‌ని ఒకే ఊపులో తలపైకి ఎత్తడం) 42 కిలోల దగ్గర, క్లీన్ అండ్ జెర్క్ (ముందు భుజాల మీదికి, తర్వాత తలపైకి ఎత్తడం) 57 దగ్గర నిలిచిపోయాయి. ఫ్రంట్ స్క్వాట్ (బార్‌ని భుజాల ముందు ఉంచుకుని కూర్చుని లేవడం) మాత్రం 70కి చేరింది. ఈ ఏడాదిలో ఎత్తు 6 సెంటీమీటర్లు పెరిగింది, ఒంటి బరువు 42 నుంచి 47కి వచ్చింది.

తల్లి తమ్ముడు 8 వేలు కట్టి ఉమ్మితో చేసే జీన్ పరీక్ష చేయించాడు. "ఏసీటీఎన్3: ఎక్స్ఎక్స్, పవర్ ఆటలకు అనుకూలం కాదు, ఏసీఈ: ఐఐ, ఎండ్యూరెన్స్‌కు అనుకూలం" అని వచ్చింది. "దాని ఒంట్లోనే లేదక్కా, 3 కిలోమీటర్ల పరుగులో వేసెయ్" అంటున్నాడు. మాస్టారు ఆ కాగితం చూసి నవ్వి పక్కన పడేశారు. భర్త ఏ సంగతీ తేల్చడం లేదు. నెలన్నరలో క్రీడా పాఠశాల ఎంపికలున్నాయి. పాప రిపోర్టు చదివేసింది. అప్పట్నుంచి బార్ పట్టుకుని ఆలోచనలో పడుతోందట.

ఆఖరి పేజీలో, సంతకం కింద, మరిచిపోయి రాసినట్టు నాలుగు లైన్లున్నాయి: "బడిలో రక్తం చూసి 10.4 అన్నారు, ఇచ్చిన మాత్రలు పడక మానేసింది. సంక్రాంతి ముందు మా పిల్ల బార్ ఎత్తి లేస్తూ కళ్లు తిరిగి కూలబడింది, రెండు సెకన్లలో తనే లేచింది. మా మరిది కూడా 31 ఏళ్లకి కబడ్డీ ఆడుతూ కుప్పకూలి చనిపోయాడు, గుండెపోటన్నారు. దిష్టి తీయించాం."

సమాధానం:

అమ్మా, మీరు అడిగింది రిపోర్టు గురించి. నేను మాత్రం సంతకం కింద రాసిన ఆ నాలుగు లైన్ల దగ్గర మొదలుపెడతాను. పాపకి వంశం నుంచి ఏం వచ్చిందని ఎవరైనా భయపడాల్సి వస్తే, భయపడాల్సింది 8 వేల కాగితం చూసి కాదు, ఆ లైన్లు చూసి.

క్లీన్ పట్టినప్పుడు బార్ భుజాల మీద, గొంతుకి ఆనుకుని కూర్చుంటుంది. ఊపిరి బిగబట్టి ఉంటుంది. మెడ రక్తనాళాల మీద బార్ ఒత్తిడి, ఛాతీలో బిగబట్టిన గాలి ఒత్తిడి కలిసి మెదడుకి వెళ్లే రక్తాన్ని ఒక్క క్షణం తగ్గిస్తాయి. లేచి నిలబడగానే కళ్లు చీకట్లు కమ్ముతాయి. లిఫ్టర్లకి ఇది తెలిసిన సంగతే. బార్‌ని భుజం కండ మీద కాస్త గొంతుకి ఎడంగా పెట్టుకోవడం, లేచాక జెర్క్‌కి ముందు చిన్న ఊపిరి తీసుకోవడం నేర్పితే తగ్గిపోతుంది. మీ పాపది ఇదే అయ్యుండొచ్చు. పరుగు మధ్యలోనో ఆట మధ్యలోనో ముందస్తు సూచన లేకుండా పడిపోవడం, పడేముందు గుండె దడదడలాడటం, ఛాతీలో నొప్పి, ఇవి వేరే జాతి. అలాంటివి ఎప్పుడైనా జరిగాయా అని పాపని విడిగా కూర్చోబెట్టి అడగండి. ఆట మాన్పిస్తారన్న భయంతో పిల్లలు దాస్తారు.

మీ మరిది సంగతి లేకపోతే "బార్ సరిగ్గా పెట్టుకోమనండి" అని చెప్పి వదిలెయ్యొచ్చు. 31 ఏళ్ల మనిషి ఆడుతూ పడిపోతే అది మామూలు గుండెపోటే కావచ్చు. వంశపారంపర్యంగా వచ్చే జబ్బు కూడా కావచ్చు. గుండె గోడ కండ అవసరానికి మించి మందమయ్యే జబ్బొకటుంది, హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతీ అంటారు. సుమారు 500 మందిలో ఒకరికి ఉంటుంది, చాలామందికి ఉన్నట్టే తెలియదు. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే పిల్లల్లో ప్రతి ఒక్కరికీ వచ్చే అవకాశం సగం. మీ మరిదిది అదే అయి, అది వాళ్ల అమ్మానాన్నల్లో ఒకరి నుంచి వచ్చుంటే, మీవారికి ఉండే అవకాశం సగం, పాపకి పావు. మీ మరిదికి పిల్లలుంటే వాళ్లకి సగం. అందుకే ఈ లెక్కలో పాపకన్నా ముందు నిలబడాల్సింది మీవారు. ఆయన ఏ సంగతీ తేల్చడం లేదన్నారు. ఇది ఆయన తేల్చాల్సిన సంగతి.

చేయించాల్సినవి రెండు: ఈసీజీ, ఎకో (గుండె స్కానింగ్). ఒకటి చాలదు. గుండె గోడ మందం ఎకోలో కనిపిస్తుంది. గుండె విద్యుత్తులో లోపం ఉండే జబ్బులు కొన్ని ఉన్నాయి, వాటిలో ఎకో శుభ్రంగా ఉంటుంది, ఈసీజీలోనే దొరుకుతాయి. ఈసీజీ విజయనగరం పెద్దాసుపత్రిలో అయిపోతుంది. ఎకోకీ, గుండె డాక్టరు చూడటానికీ విశాఖ కేజీహెచ్‌కి వెళ్లండి. తండ్రీ కూతుళ్లు ఒకే రోజు వెళ్తే మంచిది. ఓపీలో కూర్చోగానే మూడు మాటలు వరసగా చెప్పండి: "పాప బరువు ఎత్తుతూ పడిపోయింది. వాళ్ల చిన్నాన్న 31 ఏళ్లకి ఆడుతూ చనిపోయాడు. పాప క్రీడాకారిణి." "కళ్లు తిరిగాయండీ" అని మాత్రం చెబితే నీరసమని టానిక్ రాసి పంపేస్తారు. మీ మరిదికి పోస్టుమార్టం జరిగుంటే ఆ కాగితం, లేకపోతే అంతకుముందు తీసిన ఈసీజీ ఏదైనా ఉంటే అది తోడికోడల్ని అడిగి పట్టుకెళ్లండి. డాక్టరుకి వంద ప్రశ్నలు తగ్గుతాయి.

అన్నీ మామూలుగా వచ్చినా "మళ్లీ ఎప్పుడు చూపించాలి" అని అడగకుండా లేవొద్దు. గోడ మందమయ్యే జబ్బు ఎదిగే వయసులో ఆలస్యంగా బయటపడగలదు. అనుమానం మిగిలితే ఒకటి రెండేళ్లకోసారి చూస్తారు.

ఈ పరీక్షలు అయ్యేదాకా బరువులు ఆపండి. తమ్ముడు చెప్పే పరుగు కూడా వద్దు. గుండె సంగతి తేలకుండా పిల్లని మూడు కిలోమీటర్లు పరిగెత్తించడం బరువులకన్నా ఏమీ భద్రం కాదు. పీవీసీ పైపుతో స్నాచ్ కదలికలు, మడమల సాగదీత చేసుకోనివ్వండి. రెండు వారాల్లో బలం ఎక్కడికీ పోదు. మాస్టారుకి ఇదంతా చెప్పే తీరాలి. మళ్లీ పడిపోయి, పిలిచినా పలక్కుండా, ఊపిరి సరిగ్గా లేకుండా ఉంటే మొహాన నీళ్లు చల్లుతూ కూర్చోకూడదు. ఒకరు 108కి చెయ్యాలి, ఒకరు ఛాతీ నడిమధ్య నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కాలి. జిమ్ము నడిపే ప్రతి మాస్టారూ నేర్చుకోవాల్సిన పని ఇది.

ఇక రిపోర్టు.

ఏసీటీఎన్3 అనే జీన్ ఆల్ఫా యాక్టినిన్-3 అనే ప్రోటీన్‌ని తయారు చేస్తుంది. కండలో చటుక్కున బిగిసే పోగులుంటాయి, నిదానంగా ఎక్కువసేపు పనిచేసే పోగులుంటాయి. ఈ ప్రోటీన్ వేగం పోగుల్లోనే ఉండి వాటిని పట్టి ఉంచుతుంది. కొందరిలో ఆ జీన్ 577వ చోట అర్ధాంతరంగా ఆగిపోతుంది, ప్రోటీన్ తయారుకాదు. అమ్మ నుంచీ నాన్న నుంచీ రెండూ అలాంటివే వస్తే ఎక్స్ఎక్స్. ఇది జబ్బు కాదు. దీని చుట్టం ఆల్ఫా యాక్టినిన్-2 ఆ పని చాలామట్టుకు చేసిపెడుతుంది. ప్రపంచంలో నూరు కోట్లమందికి పైగా ఎక్స్ఎక్స్ ఉన్నారు. ఆసియావాళ్లలో నలుగురైదుగురికి ఒకరు ఉంటారు. మీ వీధిలో లెక్కేసుకోండి.

2003లో ఆస్ట్రేలియా పరిశోధకులు మేటి స్ప్రింటర్లలో ఎక్స్ఎక్స్ చాలా తక్కువని చూపించాక దీనికి "స్పీడ్ జీన్" అని పేరొచ్చింది, వ్యాపారమూ మొదలైంది. తర్వాత తేలిన సంగతులు ఆ వ్యాపారం చెప్పదు. వేగంలో మనిషికీ మనిషికీ ఉన్న తేడాలో ఈ జీన్ వాటా ఒకటి నుంచి మూడు శాతం మధ్యన. జమైకాలో పరుగు వీరుల్లోనూ మామూలు జనంలోనూ ఎక్స్ఎక్స్ చాలా తక్కువే, ఇద్దరిలోనూ ఇంచుమించు సమానం. అంటే వీరుణ్ణి వీధిలో మనిషి నుంచి విడదీసేది అది కాదు. రెండుసార్లు ఒలింపిక్స్‌కి వెళ్లి 8 మీటర్లు దాటి దూకిన స్పెయిన్ లాంగ్ జంపర్ ఒకాయన ఎక్స్ఎక్సే. రిపోర్టు రెండో లైనులో ఉన్న ఏసీఈ అనే ఇంకో జీన్ సంగతికి పునాది ఇంకా పల్చన. 1998లో బ్రిటన్ పర్వతారోహకుల్లో ఐ రకం ఎక్కువని చూశారు. తర్వాత దూరపు పరుగుకి పుట్టినిల్లు లాంటి కెన్యాలో వెతికితే ఆ సంబంధం దొరకలేదు. పిల్లల్లో ప్రతిభ ఎంచడానికి ఈ పరీక్షలు వాడొద్దని 2015లో అంతర్జాతీయ క్రీడా వైద్య నిపుణుల బృందం తేల్చి చెప్పింది.

దీన్నిబట్టి వంశం లెక్కలేనిదని అనుకోవద్దు. ఎత్తులో తేడాలకి 80 శాతం దాకా వారసత్వమే కారణం. తొడ పొడుగు, చేతుల పొడుగు, కీళ్ల సాగుడు, ఒకే సాధనకి ఎవరి ఒళ్లు ఎంత స్పందిస్తుందన్నది, అన్నిట్లోనూ అమ్మానాన్నల చెయ్యి ఉంది. కాకపోతే అది వందల జీన్ల పని, ఒక్కోటీ చిటికెడు. రెండు జీన్లు చూసి ఆట చెప్పడం జాతకంలో రెండు గళ్లు చూసి పెళ్లి కుదర్చడం లాంటిది. మీ విజయనగరం జిల్లా ఊరే అయిన కొండవెలగాడలో ఇంతమంది లిఫ్టర్లు రావడానికి కారణం ఆ ఊరి రక్తంలో వెతికేకన్నా పొద్దున్నే తెరిచే జిమ్ములో వెతికితే ముందు దొరుకుతుంది. అక్కణ్నుంచి ఎదిగిన మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ పోటీల్లో పతకం తెచ్చింది, పక్క శ్రీకాకుళం జిల్లా కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఉమ్మి పరీక్షతో ఎంచితే వచ్చినవాళ్లు కారు వీళ్లు.

రిపోర్టు వల్ల జరిగే నష్టం పాప చదివెయ్యడం. 2019లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు కొందరికి "మీది వ్యాయామానికి పనికిరాని రకం జీన్" అని చెప్పి ట్రెడ్‌మిల్ ఎక్కించారు. వాళ్లలో నిజంగా ఏ రకం ఉన్నవాళ్లయినా, ఆ మాట విన్నాక ముందుకన్నా త్వరగా ఆగిపోయారు, ఊపిరి లెక్కలు సైతం తగ్గాయి. బార్ ముందు ఆలోచన దానివల్లే వస్తోంది. పై రెండు పేరాలు పాప చేతికే ఇచ్చి చదివించండి, తొమ్మిదో తరగతి పిల్లకి అర్థమవుతుంది.

మరి ఎనిమిది నెలలుగా ఎందుకు పెరగలేదు? మీరు రాసిన అంకెల్లోనే సగం జవాబుంది. మామూలుగా స్నాచ్, క్లీన్ అండ్ జెర్క్‌లో 78 నుంచి 85 శాతం ఉంటుంది. మీ పాపది 57కి 42, అంటే 74 శాతం దగ్గర. 80 శాతం లెక్కన 45, 46 ఎత్తాలి. ఫ్రంట్ స్క్వాట్ 70 చేసే పిల్ల 60 కిలోల క్లీన్ తీయగలగాలి. కాళ్లల్లో బలం ఉంది, ఎనిమిది నెలల్లో పెరిగింది కూడా. అది బార్‌లోకి చేరడం లేదు, స్నాచ్‌లో మరీ ఎక్కువగా కారిపోతోంది. ఒంట్లో పవరే లేకపోతే స్క్వాట్ కూడా నిలిచిపోవాలి కదా.

ఎత్తు 6 సెంటీమీటర్లు పెరిగిందన్నారు. స్నాచ్‌లో బార్ తొడల మీదుగా వచ్చి నడుం మడత దగ్గర తగిలి పైకి లేవాలి. ఎముకలు పొడుగయ్యాక పట్టు మాత్రం పాత వెడల్పులోనే ఉంటే బార్ మడతకి కిందన, తొడ మీదే తగులుతుంది. తగిలిన బార్ పైకి పోకుండా ముందుకి ఊగుతుంది, పిల్ల దాని వెనకాల ముందుకి గెంతుతుంది. డాక్టరు బరువులకి సరేనన్నాక మాస్టారుని ఒక వీడియో తీయమనండి: ఫోను పక్క నుంచి, నాలుగైదు మీటర్ల దూరంలో, నడుం ఎత్తులో, 35 కిలోలతో. నెమ్మదిగా తిప్పి చూస్తే మూడు కనిపించాలి: బార్ ఎక్కడ తగిలింది, తగిలాక ఒంటికి ఎంత దూరం పోయింది, పాదాలు ముందుకి గెంతాయా. అదే జరుగుతుంటే పట్టుని రెండు వైపులా ఒక్కో వేలు వెడల్పు బయటికి జరిపి, 28 నుంచి 34 కిలోల మధ్య రెండేసి మూడేసి సార్లు, నాలుగైదు వారాలు కట్టించాలి. మొదటి పది రోజులు పాతదానికన్నా అధ్వాన్నంగా ఉంటుంది. అక్కడే అందరూ వెనక్కి పోతారు.

మడమలు కూడా చూడండి. గోడకి 10 సెంటీమీటర్ల దూరంలో బొటనవేలు పెట్టి, మడమ లేపకుండా మోకాలు గోడకి తగిలించమనండి. తగలకపోతే స్నాచ్‌లో కిందికి కూర్చున్నప్పుడు ఛాతీ ముందుకి వాలుతుంది, బార్ పడిపోతుంది. అప్పుడు మడమ ఎత్తున్న లిఫ్టింగ్ బూట్లు అవసరం. ఇంకో పరీక్షకి కట్టేకన్నా ఆ డబ్బు వాటికి పెట్టడం నయం.

రక్తం (హిమోగ్లోబిన్) 10.4 అన్నది రెండో సగం జవాబు. ఈ వయసు ఆడపిల్లకి 12 ఉండాలి. 11 కన్నా తక్కువంటే మధ్యస్థ రక్తహీనత. ఒక్కసారి బరువు ఎత్తడానికి అది పెద్దగా అడ్డుపడదు, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. సెట్‌కీ సెట్‌కీ మధ్య తేరుకోనివ్వదు, మర్నాటికి అలసట మిగుల్చుతుంది, సాధన మొత్తం పల్చబడుతుంది. బడిలో వారానికొకటి ఇచ్చే నీలం ఐరన్ మాత్ర రక్తం తగ్గకుండా కాపాడటానికి. తగ్గినదాన్ని తేవడానికి డాక్టరు రోజూ వేసుకునే మోతాదు రాస్తారు, తక్కువలో తక్కువ మూడు నెలలు. కడుపులో తిప్పితే రాత్రి భోజనం తర్వాత వేసుకోనివ్వండి, కాస్త తక్కువ ఒంటబట్టినా మానేసినదానికన్నా మేలు. టీ, పాలు మాత్రకి గంటా రెండు గంటలు ఎడంగా ఉంచండి. నిమ్మరసం, జామకాయ పక్కన ఉంటే మంచిది. విరేచనం నల్లగా వస్తే కంగారు పడొద్దు.

మాత్ర మొదలుపెట్టే ముందు ఒకటి. మీ పుట్టిల్లు సీతంపేట ఏజెన్సీని ఆనుకుని ఉందని ఉత్తరం మధ్యలో రాశారు. ఆ వైపు సికిల్ సెల్ ఉంది, ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య జబ్బది. హిమోగ్లోబిన్ రకాలు చూసే హెచ్‌పీఎల్‌సీ పరీక్ష, ఐరన్ నిల్వ చూసే ఫెరిటిన్ ఒకేసారి అడగండి. సికిల్ ఒక్క వైపు నుంచే వచ్చిన పిల్లలు మామూలుగానే ఉంటారు, ఆడుకోవచ్చు. కానీ ఎండలో, నీళ్లు తాగకుండా, అలవాటు లేని పరుగు ఒక్కసారిగా ఒళ్లు తెలీకుండా పరిగెత్తిస్తే కండ చితికి ఆ వ్యర్థం కిడ్నీల మీద పడే ప్రమాదం వాళ్లకి ఎక్కువ. మీ తమ్ముడి సలహాలో ఈ లెక్క లేదు.

తిండి గురించి పొడిగా చెబుతాను. రోజుకి 70 గ్రాముల ప్రోటీన్ చాలు. రెండు గుడ్లు, పావు లీటరు పాలు, 50 గ్రాముల కందిపప్పు, గుప్పెడు వేరుశెనగ, తినే అన్నం, 100 గ్రాముల చేప లేదా కోడి కలిస్తే వచ్చేస్తుంది. చేప లేనిరోజు ఉలవలు. సాధనకి వెళ్లే ముందు చోడి (రాగి) అంబలి బాగుంటుంది. జిమ్ముల దగ్గర అమ్మే డబ్బా పొడులు వద్దు. వాటిలో ఏం కలిపారో తెలీక డోపింగ్‌లో దొరికిన పిల్లలున్నారు.

ఇప్పుడు మీ ముందున్న దారులు. గుండె పరీక్షలు బాగుంటే, ఈ ఎంపికలకి పాత బరువులతోనే వెళ్లొచ్చు. పట్టు మార్చే పని ఎంపికల తర్వాతకి పెట్టుకోవాలి, రెండూ ఒకేసారి చేస్తే 42 కూడా పడిపోతుంది. ఎంపిక కాకపోతే "జీన్స్ వల్లే" అనే మాట ఇంట్లో లేవకుండా చూసుకునే బాధ్యత మీది. రెండోది, ఈ విడత వదిలేసి రక్తం, పట్టు రెండూ ఆరు నెలల్లో సరిచేసుకుని వచ్చే విడతకి వెళ్లడం. ఒక ఏడాది పోతుంది, పదో తరగతి మీద పడుతుంది, కానీ పిల్ల అసలు స్థాయి తెలుస్తుంది. నాకు ఇదే మొగ్గు. మూడోది పరుగు. పాపకే ఇష్టమైతే, గుండె, సికిల్ పరీక్షలు తేలాక, వారానికి రెండు రోజులు పరిగెత్తనివ్వండి. మూడేళ్ల బరువుల సాధన పరుగులో వృథా కాదు. ఆ కాగితం చూసి మార్చితే మాత్రం పరుగులో మొదటిసారి ఆగిపోయినప్పుడు ఇంకో కాగితం వెతుక్కుంటారు.

పరీక్షల్లో గుండె జబ్బు నిజంగా బయటపడితే ఈ మూడూ పక్కకి పోతాయి. అప్పుడు ఏ ఆట, ఎంత అన్నది గుండె డాక్టరు, మీరు, పాప కలిసి మాట్లాడుకోవాల్సింది. అప్పుడు కూడా ఆటలన్నీ మూసేస్తారని ముందే అనుకోవద్దు.

తమ్ముడిని తిట్టకండి. మేనకోడలి కోసం సొంత డబ్బు పెట్టాడు. కేజీహెచ్‌కి తండ్రీ కూతుళ్లతో అతన్నే తోడు పంపండి, లైన్లో నిలబడటానికి ఒక మనిషి కావాలి. ఎంపికల ఫారంతో జీన్ రిపోర్టు జత చేయాల్సిన పనిలేదు, ఎవరైనా అడిగినా ఇవ్వకండి. ఎకో, ఈసీజీ కాగితాలు మాత్రం జిరాక్సులు తీసి ఒకటి మాస్టారుకి, ఒకటి మీ తోడికోడలికి ఇవ్వండి.